పెద్దరికం - పరిచర్య

మన ఇండ్లలో కాళ్లు కడగడానికి ఒక వరుస ఉన్నది. పెండ్లిలో మామగారు అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేస్తారు. గురువులు ఇంటికి దయచేస్తే గృహస్థు పళ్లెం పెట్టి వారి పాదాలు కడుగుతాడు. ఎక్కడ చూచినా కడిగేవారు ఒక మెట్టు క్రింద, కడిగించుకొనేవారు ఒక మెట్టు పైన. ఈ వరుస మనకెవరూ పాఠం చెప్పి నేర్పలేదు, చూచి నేర్చుకొన్నాము.

క్రీస్తు కాలంలో యూదుల ఇండ్లలోనూ ఇటువంటి వరుసే ఉండేది. దుమ్ముదారిన నడచివచ్చిన చుట్టాల కాళ్లు కడగడం ఇంటి పనివాండ్ర పని. యోహాను సువార్త పదమూడవ అధ్యాయంలో ఈ వరుస తలక్రిందులైన సంగతి వ్రాసి ఉన్నది. తనను పట్టియిచ్చే రాత్రి, భోజనాల దగ్గర, యేసు పై వస్త్రం తీసివేసి, నడుముకు తువాలు కట్టుకొని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగి తుడిచాడు. పేతురు ససేమిరా కూడదన్నాడు. గురువు తన కాళ్లు పట్టుకోవడం అతనికి మనస్కరించలేదు. మనమైనా అంతే చేసేవారము గదా!

ఇక్కడ మనం సాధారణంగా గమనించకుండా దాటిపోయే విశేషం ఒకటి ఉన్నది. ఆ పని ముగించి మరల కూర్చున్న తరువాత, తాను గురువును కానని ఆయన అనలేదు, ప్రభువును కానని అనలేదు. వారు తనను అట్లా పిలవడం సరియేనని ఒప్పుకొన్నాడు. అట్టి తానే ఈ పని చేసినప్పుడు వారు ఒకరికొకరు చేయకుండా ఎట్లా ఉండగలరని బోధించాడు. అంటే పెద్దరికాన్ని పారవేయలేదు. దానిని ఏ పనికి వినియోగించాలో చూపించాడు. అధికారాన్ని గురించి క్రైస్తవులు చెప్పే మాటలకు ఈ చోటే మూలమని నా ఉద్దేశం.

ఇంతకు ముందే శిష్యులలో ఈ తగవు ఒకసారి వచ్చింది. యాకోబు, యోహాను అనే అన్నదమ్ములు ఆయన దగ్గరకు వచ్చి, రేపు రాజ్యం వచ్చినప్పుడు మాలో ఒకరిని కుడిప్రక్కన, ఒకరిని ఎడమప్రక్కన కూర్చోబెట్టుకొమ్మని అడిగారు. ఈ సంగతి తెలిసి తక్కిన పదిమందికీ కోపం వచ్చినదట. కోపానికి కారణమేమో మార్కు సువార్తలో వ్రాయలేదు. కాని ఆఫీసులో ప్రమోషన్ల జాబితా అంటించిన రోజున వరండాలో నిలబడి చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ యిద్దరూ అడగరానిది అడిగారని కాదు. మనకంటె ముందుగా అడిగారని! అప్పుడు యేసు పన్నెండుమందినీ దగ్గరకు పిలిచి, లోకంలో దొరతనం నడిచే తీరు వేరనీ, తనవారి మధ్య నడవవలసిన తీరు వేరనీ, పైకి రాగోరేవాడు అందరికీ పనివాడు కావాలనీ చెప్పాడు.

అయితే అధికారమే పాపమా? క్రైస్తవ గ్రంథం అట్లా చెప్పదు. నౌకరుకు జబ్బుచేసి, కబురు పంపిన రోమను శతాధిపతిని యేసు మెచ్చుకొన్నాడే గాని, ఉద్యోగం మానుకొమ్మనలేదు. పౌలు రోమావారికి వ్రాసిన పత్రికలో ప్రభుత్వాధికారిని దేవుని పరిచారకుడన్నాడు. గుడిలో పేదలకు అన్నం వడ్డించేవాడికి ఏ పేరో, పన్ను వసూలు చేయించే అధికారికీ అదే పేరు. కనుక చిక్కు కుర్చీలో లేదు. కూర్చున్నవాడు అది తనకోసమే వేసినదని అనుకొనడంలో ఉన్నది.

ఈ మాట చెప్పడం తేలిక, నిలబెట్టుకొనడం కష్టం. మొదటి మూడువందల సంవత్సరాలు క్రైస్తవులకు రాజ్యం లేదు. అందువల్ల వారికి ఈ పరీక్ష ఎదురుకాలేదు. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో హింస ఆగిపోయింది. 380 వచ్చేసరికి క్రైస్తవం రోము సామ్రాజ్యానికి రాజమతమైపోయింది. బిషప్పులకు భూములు, మేడలు, దర్బారులో పీటలు వచ్చాయి. ఆరవ శతాబ్దం చివర పోపు అయిన మొదటి గ్రెగరీ తనను దేవుని సేవకులకు సేవకుడనని వ్రాసుకొన్నాడు. ఆ బిరుదు నేటికీ పోపులకు నిలిచి ఉన్నది. కాని తరువాతి కాలంలో అదే పోపుల తలమీద మూడంతస్తుల కిరీటం కూడ వచ్చి చేరింది. పేరు సేవకుడిది, తలపాగా చక్రవర్తిది! ఆరవ పౌలు పోపు 1964 నవంబరులో ఆ కిరీటాన్ని తీసి, పేదల నిమిత్తం గుడి పీఠం మీద పెట్టివేశారు. ఆ తరువాత ఏ పోపూ దానిని తలకెత్తుకోలేదు. 2013లో ఫ్రాన్సిస్ పోపు పవిత్ర గురువారంనాడు రోములోని బాలనేరస్థుల జైలుకు వెళ్లి పన్నెండుమంది కాళ్లు కడిగారు. వారిలో ఆడపిల్లలున్నారు, ముసల్మానులు కూడ ఉన్నారు. అది కూడదని గొణిగినవారు లేకపోలేదు. పేతురు వంశం ఇంకా అంతరించలేదన్న మాట!

ఇవన్నీ దూరదేశపు సంగతులు. ఈ ప్రశ్న మన తెలుగువారి వాకిట్లోకి వచ్చినప్పుడు ఏమి జరిగిందో చూస్తే మనకు ఇంకా బాగా తెలుస్తుంది.

మొదటిది ఒంగోలు కథ. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశాన్ని పీల్చి పిప్పిచేసిన కరవును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనేవారు. ఒంగోలులో అప్పటికి పది సంవత్సరాలుగా జాన్ క్లౌ అనే అమెరికను బాప్టిస్టు మిషనరీ పని చేస్తున్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు భూమి కొలతల పని నేర్చినవారు. ఆ విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. ప్రభుత్వం కరవు పనిగా త్రవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పొడవు ఆయన కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించారు. ఉపదేశులను మేస్త్రీలుగా పెట్టారు. ప్రతి మనిషికీ ఆ రోజున ఆ కూలి డబ్బులే ప్రాణం.

ఆ స్థితిలో ఆయన చేతిలో ఉన్న అధికారాన్ని ఒకసారి ఊహించండి. కలెక్టరు చేతిలో చట్టం ఉన్నది గాని, ఈయన చేతిలో అన్నం ఉన్నది. మీ మతంలో కలుపుకొండని జనం వచ్చి అడుగుతున్నారు. ఔనంటే వేలకువేలు చేరతారు. క్లౌ గారు ఔననలేదు. కరవు సాగినంత కాలం, కూలీ పంచుతున్నంత కాలం, బాప్తిస్మాలు ఆపివేశారు. కడుపు అడిగే ప్రశ్నకు మనసు జవాబు చెప్పిందని అనుకోరాదని ఆయన ఉద్దేశం. సహాయం పని ముగిసి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పిన తరువాత కూడ జనం రావడం మానలేదు. అప్పుడు 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని నీటిలో దిగి ఈ పని చేశారు. వచ్చినవారిలో చాలమంది తోలుపని చేసి బ్రతికే మాదిగలు. వారిలో మొదటినుండి ముందు నిలిచినవాడు యెర్రగుంట్ల పేరయ్య. ఆయనా ఆ కులంవాడే.

కరవులో చేరినవారి నమ్మకం ఎంత, అన్నంకోసం చేరినవారెంతమంది అని వాదించినవారు అప్పుడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. ఆ వాదం ఇక్కడ తేలేది కాదు. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకొనే చెయ్యి క్రింద ఉంటుందని మనవారంటారు. పైనున్న చెయ్యి కొంతకాలమైనా తనను తాను బిగబట్టుకొన్నదనే సంగతి మాత్రం మనం గుర్తుంచుకోదగినది.

అయినా చెయ్యి పైనే ఉన్నది గదా! సేవ చేసేవాడు ఎప్పుడూ పైనుండే చేస్తే అది కూడ ఒక దొరతనమే. ఈ మాటను దొరల ముఖంమీదనే చెప్పినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి సీమలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో ఒక గ్రామ గురువుగారి ఇంట పుట్టారు. వై.యం.సి.ఏ.లో చాలకాలం కార్యదర్శిగా తిరిగి, 1909లో నైజాము రాజ్యంలోని డోర్నకల్లుకు మిషనరీగా వచ్చారు. హైదరాబాదు నుండి కాజీపేట మీదుగా బెజవాడ వెళ్లేవారందరికీ డోర్నకల్లు జంక్షను తెలుసు. ఇప్పుడది తెలంగాణలో మహబూబాబాదు జిల్లా. అప్పుడు ఆయన వయసు ముప్పది అయిదు. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకొని, పల్లెజనానికి అర్థమయ్యే తెలుగులో బోధించడం నేర్చుకొన్నారు. హూడిలో ఉన్న మనకు ఈ సంగతి ప్రత్యేకంగా తెలుస్తుంది. వీధిలో కన్నడం, వంటింట్లో తెలుగు మాట్లాడే మనకు, ఇంకొకరి భాష నేర్చుకొనడమంటే మొదట వారి ముందు చిన్నపిల్లవాడు కావడమని అనుభవం మీద తెలుసు.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు. వారిలో ఆసియావారు వేళ్లమీద లెక్కించదగినంత మంది. ఆ సభలో అజరయ్యగారు లేచి, మిషనరీల త్యాగాన్ని కాదనకుండానే, తెల్ల మిషనరీకీ అతనితో పనిచేసే భారతీయుడికీ మధ్య ఉన్నది యజమాని, నౌకరుల సంబంధమే గాని స్నేహం కాదని చెప్పారు. మీరు మాకు సమస్తం ఇచ్చారు, ఇక స్నేహితులు కండని ఆయన కోరిన కోరిక. సభలో కొందరికి కష్టం తోచింది. కాని ఆ ఉపన్యాసం వంద సంవత్సరాలు దాటినా మరుగున పడలేదు.

రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయనను డోర్నకల్లు బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికను సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే. మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టుబట్టి ఈ పని జరిపించారు. నల్లవాని చేతి క్రింద తెల్లవారు ఎట్లా పనిచేస్తారని అభ్యంతరాలు వచ్చాయి. భారతీయ క్రైస్తవులలో కూడ కొందరు ముఖం చిట్లించారు. ఇంటివాడు కుర్చీ ఎక్కితే ఓర్వలేకపోవడం మనదేశంలో క్రొత్త కాదు. మొదట చిన్నదిగా ఉన్న ఆయన అధ్యక్ష మండలం 1920 తరువాత కృష్ణా ప్రాంతం మొదలైన తెలుగు సీమలవరకు విస్తరించింది. ఇంగ్లీషు మిషనరీలు నిజంగానే ఆయన క్రింద పనిచేశారు.

స్నేహం కావాలని అడిగినవాడికి ఇప్పుడు కుర్చీ వచ్చింది. ఏమి చేశారు? ఎద్దుబండిమీద, సైకిలుమీద, కాలినడకను పల్లెలు తిరిగారు. ఆయన మందలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరికి వెలుపల ఉంచబడినవారు. వారిని చూచి జాలిపడి ఊరుకొనక, వారినే బోధకులుగా, గురువులుగా తయారుచేయడం ఆయన ముఖ్యమైన పనిగా పెట్టుకొన్నారు. క్రొత్తగా చేరిన నిరక్షరాస్యుడైన కూలికూడ ఇంకొకరికి చెప్పవలసిన బాధ్యత కలవాడే నన్నారు. విదేశపు సొమ్ముమీద ఆధారపడక, సంఘమే తన గురువును పోషించుకోవాలన్నారు. అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి గుడికిచ్చే అలవాటు తెలుగు క్రైస్తవ స్త్రీలలో ఉన్నది. పుచ్చుకొనే చెయ్యే ఇచ్చే చెయ్యి కావడానికి ఇంతకంటె చిన్న ఉపాయం, ఇంతకంటె పెద్ద ఉపాయం వేరే లేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్లు దేవాలయం చూచినవారికి ఆయన మనసు తెలుస్తుంది. మసీదు గుమ్మటాలు, మన కోవెలల స్తంభాలు, వాటి మధ్య సిలువ. ఇంగ్లండునుండి తెచ్చి దించినట్టు ఏదీ ఉండదు.

రాజకీయాధికారం విషయంలో కూడ ఆయనకు పరీక్ష వచ్చింది. 1932లో బ్రిటిషు ప్రభుత్వం మతాలవారీగా ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించినప్పుడు భారతీయ క్రైస్తవులకూ వాటా వేశారు. చట్టసభలో పీటలు! అజరయ్యగారు దీనిని వ్యతిరేకించారు. సంఘం పీటలకోసం పోటీపడే మరొక కులంగా మారిపోతుందని, ఇరుగుపొరుగు భారతీయులనుండి వేరుపడిపోతుందని ఆయన భయం. ఆయన మాట అప్పుడు నెగ్గలేదు. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్లులో పరమపదించారు. తాను ఎన్నో ఏండ్లు పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. ఆయన కంటితో చూడలేదు. 1949 మే నెలలో రాజ్యాంగ సభ మతమైనారిటీలకు చట్టసభలలో స్థానాల కేటాయింపు వదిలిపెట్టినప్పుడు, సభకు ఉపాధ్యక్షుడైన క్రైస్తవుడు హెచ్.సి. ముఖర్జీగారు దానిని బలపరిచినవారిలో ఒకరు.

ఇంతవరకు చదివి, అబ్బ ఎంత గొప్ప త్యాగమని ఊరుకొంటే నాణేనికి ఒక ప్రక్కే చూచినట్లవుతుంది. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూమతం కాక వేరు మతం అవలంబించినవారు షెడ్యూల్డు కులాలవారు కారన్నారు. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ చేశారు, క్రైస్తవులకు చేయలేదు. పెద్దలు వదులుకొన్న చట్టసభ పీటలు వేరు, పల్లెలోని కూలివాడు పోగొట్టుకొన్న చదువు, కొలువుల సదుపాయం వేరు. మొదటిది ఇష్టపడి ఇచ్చినది. రెండవది అడగకుండా తీసుకొన్నది. రెండింటినీ త్యాగమనే ఒకే పేరుతో పిలవడం న్యాయం కాదు.

గాంధీగారు 1936, 37 సంవత్సరాలలో తమ హరిజన్ పత్రికలో మిషనరీల సేవను గురించి గట్టిగా ప్రశ్నించారు. సేవ సేవకోసమే చేయాలి గాని, మనుష్యులను చేర్చుకొనడానికి ఎర కారాదని వారి వాదం. బాప్తిస్మం తీసుకొనే పేదవాడికి తన మనసు తనకు తెలియదని అనుకొనడం కూడ ఒక పెద్దరికమేనని జవాబు చెప్పినవారూ ఉన్నారు. ఇద్దరి వాదంలోనూ ఒకే ప్రశ్న దాగి ఉన్నది: నేను చేసే మేలువల్ల ఎదుటివాడు నిటారుగా నిలబడ్డాడా, లేక నావైపు ఇంకాస్త వంగాడా?

ఈ ప్రశ్నను క్రైస్తవ సంఘాలు ముందు తమకు తాము వేసుకోవాలి. కాళ్లు కడిగిన గురువు పేరు చెప్పుకొనే సంఘాలలోనే పదవుల ఎన్నికలు, ఆస్తుల తగాదాలు కోర్టులదాకా పోవడం మన దేశంలో అరుదు కాదు. వినయాన్ని గురించిన ప్రసంగం చాలసార్లు వెనుక వరుసలో చాపమీద కూర్చున్నవారికే వినిపిస్తుంది. ముందు వరుస కుర్చీలమీదుగా అది ఎగిరిపోతుంది. కాని ఆ రాత్రి తువాలు కట్టుకొన్నది పనివాడు కాదు, గురువు. తరతరాలుగా ఇతరుల కాళ్లు కడిగినవారికి తగ్గి ఉండమని బోధించడం ఆ కథను తిరగవేసి చదవడమే. ఆ బోధ పైనున్నవారికే తగును.

క్రైస్తవులు కాని చదువరులకు దీనితో ఏమి పని అని అనవచ్చును. అధికారమంటే మంత్రిగారిదీ బిషప్పుగారిదీ మాత్రమే కాదు. ఇరవై సంవత్సరాలకు పైగా ఆఫీసు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి గనుక చెబుతున్నాను, గుమాస్తా అధికారం చిన్నది కాదు. పెన్షను కాగితంకోసం వచ్చిన ముసలమ్మకు ఆఫీసరు ఎవరో తెలియదు. ఆమెకు ప్రభుత్వమంటే ఆ బల్ల అవతల కూర్చున్న మనిషే. రేపు రమ్మనడం అతని చేతిలో ఉన్నది. కూర్చోమని స్టూలు చూపించి, ఏ కాగితం తక్కువైనదో ఒక్కసారే వ్రాసియివ్వడమూ అతని చేతిలోనే ఉన్నది.

హూడి ఒకప్పుడు వైట్‌ఫీల్డు దారిలో ఒక పల్లె. 2023 మార్చినుండి మెట్రో రైలు కూడ ఆగుతున్నది. పొలాలున్న చోట మేడలు లేచాయి. తాతలనాటినుండి ఇక్కడ ఉన్న మన కుటుంబాలకు ఇండ్లున్నాయి, అద్దెలున్నాయి, సంఘంలో పేరున్నది. మనకు తెలియకుండానే మనం పెద్దలమైపోయాము. ఆ మేడలు కట్టడానికి పాలమూరునుండి, రాయలసీమనుండి వచ్చిన తెలుగు కూలీలున్నారు. మన ఇండ్లలో అంట్లు తోమే అమ్మలున్నారు, వాకిట కావలి కాసేవారున్నారు. ఉగాదికి వారికి చీరలు, పంచలు పెడతాము; మంచిదే. ఆ ఉగాది సభలో ముందు వరుసలో వారికి కుర్చీ వేశామా? వారి పిల్ల పద్యం అప్పజెబుతానంటే వేదిక ఎక్కించామా? కార్యవర్గం ఎన్నికలో వారి పేరు ఎవరైనా ప్రతిపాదించారా?

అజరయ్యగారు ఎడిన్‌బరోలో అడిగినది దానం కాదు, ప్రక్కన చోటు. వచ్చే కార్యవర్గ సమావేశంలో సభ్యత్వ జాబితా ఎట్లాగూ తిరిగి వ్రాస్తారు. వ్రాసే ముందు, మన వీధిలోనే ఉండి ఇంతవరకు ఆ జాబితాలోకి ఎక్కని తెలుగువారెవరో ఇంటింటికీ వెళ్లి అడిగి రావలసినదిగా కోరుతున్నాను. ఆ పని మాత్రం నౌకర్లచేత చేయించక, అధ్యక్షులు, కార్యదర్శులు తామే వెళితే బాగుంటుంది.